పంపుహౌస్ దగ్గర సైకిల్ బెల్లు

ఆ రాత్రి నేను మేలుకుని ఉన్నానో, నిద్రపోయానో... నాకు తెలీదు.

ఈ ఒక్క ముక్క ఇంతవరకూ పైకి అనలేదు. అమ్మతో అనలేదు. దేవుడి పటం ముందు కూడా అనలేదు. పైకి అన్నదల్లా దీనికి సరిగ్గా ఎదురుమాట — "నేను మేలుకునే ఉన్నాను" అని. ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. కరెంటు పోయినప్పుడల్లా అన్నాను. కాలనీకి కొత్తగా వచ్చిన పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని, గొంతు తగ్గించి, వాళ్ళ కళ్ళు పెద్దవవుతుంటే చూస్తూ అన్నాను.

ఇప్పుడు రాస్తున్నాను. తెలుగు అక్షరాలు నాకు బళ్ళో ఎవరూ నేర్పలేదు. రాయపూర్‌లో మేం చదివిన బళ్ళన్నీ హిందీవే. గోడ మీద క్యాలెండరు చూసి, ఆంధ్రా నుంచి వచ్చిన బియ్యం బస్తాలు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి. అసలు తప్పు ముందుంది.

మా రైల్వే కాలనీ చివర, పట్టాలకీ క్వార్టర్లకీ మధ్య ఒక పంపుహౌస్ ఉంది. బొగ్గు ఇంజన్ల కాలంలో వాటికి నీళ్ళు తోడడానికి కట్టారట. ఇంజన్లు పోయాయి, పంపూ పోయింది. కప్పు సగం కూలింది. వెనకాల బావి మాత్రం మిగిలింది. నా చిన్నప్పుడు దానికి గట్టు కూడా లేదు. నేలమట్టంగా, నోరు తెరుచుకుని ఉండేది.

డ్రైవర్లు డ్యూటీకి హాజరయ్యే ఆఫీసుని లాబీ అంటాం. గేటు వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్తే అది చాలా దూరం. పంపుహౌస్ పక్కనుంచి అడ్డంగా పోతే చిటికెలో చేరిపోవచ్చు. అయినా చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. తాగినవాళ్ళు కూడా వెళ్ళరు.

ఎందుకంటే అక్కడ రాత్రిళ్ళు సైకిల్ బెల్లు మోగుతుంది.

సైకిల్ కనపడదు. బెల్లు మాత్రం — ట్రింగ్... ట్రింగ్. రెండే సార్లు. ఆ తరవాత చెవి పక్కనే ఒక గొంతు, నిద్రపోతున్నవాణ్ణి లేపుతున్నట్టు, మెల్లగా —

"టైమైంది బావూ..."

అప్పుడు "ఊఁ" అనకూడదు. మా కాలనీ పిల్లలకి అన్నం తినడం తరవాత నేర్పేది ఇదే. పంపుహౌస్ దగ్గర ఎవరు పిలిచినా "ఊఁ" అనకు. అన్నావంటే, డ్యూటీకి ఒప్పుకున్నట్టే. ఏ డ్యూటీకో... అది ఎవరూ చెప్పరు.

ఆ గొంతు ఎవరిదో మాత్రం అందరికీ తెలుసు. దేవదాసు మావయ్యది.

మావయ్య అంటే చుట్టం కాదు. పరాయి ఊళ్ళో తెలుగువాళ్ళం, ఒకరికొకరం ఏదో ఒక వరస కలిపేసుకుంటాం. మాదీ చుట్టుపక్కల వాళ్ళదీ శ్రీకాకుళం వైపు. ఆయనది కాకినాడ, క్రైస్తవులు. ఆయన కాల్‌బాయ్‌గా చేసేవాడు. నలభై దాటిన మనిషిని బాయ్ అనడమేమిటో గానీ, ఆ ఉద్యోగం పేరే అంత. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో, ఏ డ్రైవరుకి ఏ బండి పడిందో తెలుసుకుని, ఏ అపరాత్రి అయినా ఇంటికెళ్ళి లేపి రావాలి. ఊరంతా పడుకున్నాక తిరిగే మనిషి.

ఇక అందరూ చెప్పే కథ. నేనూ ఇలాగే చెప్పేదాన్ని.

రెండువేల ఐదు, జనవరి. సూర్యారావు బాబాయి అసిస్టెంట్ డ్రైవరు. మా పక్క క్వార్టరే. మధ్యలో ఒకటే గోడ. భార్య పార్వతమ్మ పిన్ని పురిటికని పలాస వెళ్ళింది, పిల్లాణ్ణి కని ఇంకా రాలేదు. ఇంట్లో ఆయన ఒక్కడే. ఆ తెల్లవారుజామున గూడ్సు బండికి డ్యూటీ పడింది. దేవదాసు వచ్చి లేపాలి.

లేపలేదు.

తాగి పడుకున్నాడని కొందరు. ఎక్కడో చలి కాచుకుంటూ కునికాడని కొందరు. సూర్యారావు బాబాయి తనంతట తనే ఉలిక్కిపడి లేచి, టైము చూసుకుని, బూట్లు సగం తొడుక్కుని, పంపుహౌస్ అడ్డదారిన పరిగెత్తాడు. పొగమంచు. ముందు ఏముందో కనపడదు...

తెల్లారాక, పట్టాలు చూసుకుంటూ నడిచే మనిషికి బావి అంచున ఒక బూటు కనిపించింది.

విచారణకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దేవదాసు మావయ్యది ఒకటే మాట: "నేను లేపానండి. లోపల్నుంచి 'ఊఁ' అన్నాడు." అయితే సంతకం ఏదీ అన్నారు. లేచినవాడు అక్కడికక్కడే సంతకం పెట్టాలి, అది పద్ధతి. చలిలో తలుపు తీయించడమెందుకని ఆయన కిటికీలోంచే లేపి, సంతకం లాబీకి వచ్చాక తీసుకునేవాడు. అందరికీ సుఖంగా ఉండేది. ఆ మంచితనమే మెడకి చుట్టుకుంది.

ఇక మిగిలింది సాక్షులు. అంటే మా లైనులో ఇళ్ళవాళ్ళం. అందులో గట్టి సాక్షిని, మూడో తరగతి చదివే నేను.

నాకు ఆ రాత్రి జ్వరం. నుదుటి మీద తడిగుడ్డ. గుడ్డలోంచి ఒక చుక్క జారి చెవిలోకి పోయింది, చల్లగా. రోజూ ఆ వేళకి వినిపించే సైకిల్ బెల్లు కోసం చూస్తున్నాను. అది మోగితే ఇంక తెల్లారబోతోందని నా లెక్క. గోడ అవతల బాబాయి గురక. బెల్లు రాలేదు. చూశాను, చూశాను... రాలేదు.

ఇంత బాగా గుర్తుంది. ఆ నీటిచుక్కతో సహా.

"ఎవరూ రాలేదు" అని నేనే చెప్పాను. లైనంతా అదే చెప్పింది.

విచారణ తేలకముందే దేవదాసు మావయ్య ఉద్యోగం వదులుకున్నాడు. ఆయనతో ఎవరూ మాట్లాడేవారు కాదు. రాత్రిళ్ళు వాళ్ళ రేకు తలుపు మీద రాళ్ళు పడేవి. ఇల్లు ఖాళీ చేసిన రోజు టెంపోలో సామాన్ల మధ్య వాళ్ళమ్మాయి షారోన్ కూచుని ఉంది. బళ్ళో నా పక్కన కూచునే పిల్ల. నా వైపు చూడలేదు. రైలు దారిలో ఉన్న తిల్దా ఊరికి వెళ్ళిపోయారన్నారు. కొన్నాళ్ళకి ఆయన రైలు కింద పడి పోయాడని తెలిసింది. ఆ కబురు ఎవరు తెచ్చారో ఎవరికీ గుర్తు లేదు.

ఆ తరవాతే, పంపుహౌస్ దగ్గర బెల్లు మోగడం మొదలైంది.

ఇప్పుడు పృథ్వీ సంగతి.

పృథ్వీ అంటే సూర్యారావు బాబాయి కొడుకు. తండ్రి పోయిననాటికి పలాసలో పొత్తిళ్ళలో ఉన్నాడు. పార్వతమ్మ పిన్నికి భర్త బదులు రైల్వేలో పని ఇచ్చారు కాబట్టి ఇంకా మా పక్కనే ఉన్నారు. వాడు ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. కిందటి డిసెంబరులో వాడికి జరిగింది, వాడు నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

రెండో షిఫ్టు దిగి వస్తున్నాడు. ఆటోవాడు పట్టాలవతలే దింపేసి పోయాడు. ఫోన్లో చార్జి లేదు. "పొద్దున్నుంచీ నిప్పురవ్వలు చూసి చూసి కళ్ళు మండిపోతున్నాయక్కా. చుట్టూ తిరిగే ఓపిక లేదు. దెయ్యం ఉంటే ఉంది, దానికీ చలేస్తుంది గదా అనుకున్నాను" అన్నాడు.

పట్టాలు దాటాడు. అడ్డదారిలో దిగాడు.

మా యార్డులో చప్పుడు లేని క్షణం ఉండదు. రైలు డబ్బాలు గుద్దుకోవడమో, ఇంజను మూలగడమో, ఏదో ఒకటి. సగం దారి వచ్చేసరికి అన్నీ ఆగిపోయాయట.

తన చెప్పుల చప్పుడు ఒక్కటే. అదీ కాస్త ఆలస్యంగా వినిపిస్తోందట... వెనకనుంచి.

పంపుహౌస్ గోడ వచ్చింది. బావి మీద ఇప్పుడు ఇనప జాలీ వేశారు. జాలీ మీద ఎండుటాకులు. గాలి లేదు. ఆకులు కదిలాయి.

నాలుగడుగులు వేశాడు.

ట్రింగ్...

ఆగిపోయాడు. తల తిప్పాలనుకున్నాడు. మెడ తిరగలేదు.

ట్రింగ్.

ఎడమ చెవి పక్కన, ఎవరో వంగినట్టు, వెచ్చగా —

"టైమైంది బావూ..."

పొద్దున్నే అమ్మ లేపితే అన్నట్టు, తనకి తెలీకుండానే, నిద్రమత్తులో —

"ఊఁ" అన్నాడు.

అన్నాక తెలిసింది, ఏమన్నాడో. పరిగెత్తాడు. పాత పైపు కాళ్ళకి తగిలింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. తలుపు తీసిన పార్వతమ్మ పిన్నికి గుమ్మంలో కొడుకు మోకాళ్ళ మీద కనిపించాడు, ఒక కాలికి చెప్పు లేకుండా. ఒకటే చెప్పు. ఆవిడ ఏమనుకుని ఉంటుందో నేను రాయలేను.

మర్నాడు సాయంత్రం లైనంతా వాళ్ళింట్లోనే. పిండికట్టుతో పృథ్వీ మంచం మీద. కాళ్ళ దగ్గర పార్వతమ్మ పిన్ని. కుర్చీలో కోటయ్య తాత. వర్క్‌షాపులో చేసి రిటైరై, కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. దెయ్యాల సంగతుల్లో మా కాలనీకి ఆయనే పెద్ద దిక్కు. గడప మీద అమ్మ, నేను.

"నానెప్పుడో సెప్పేను" అన్నాడు కోటయ్య తాత. "ఆ దేవదాసుగాడు ఈడి బాబుని తిన్నాడు. ఇప్పుడు గుంటడి కోసం వచ్చేడు. ఊఁ అన్నాడంటే అయిపోనాది."

"ఊఁ అన్నాను గానీ తాతా, ఓటీ డబ్బులు ఇస్తావా అని అడగలేదు. అడిగుంటే అదే పారిపోయేది" అన్నాడు పృథ్వీ.

"నోర్ముయ్‌రా" అంది పిన్ని. నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే ప్రేమ్‌చంద్ బాబాయి వచ్చాడు, సంచీలో జామకాయలతో. దేవదాసు మావయ్య తరవాత కాల్‌బాయ్ పని చేసింది ఈయనే. సెల్‌ఫోన్లు వచ్చి ఆ పని పోయాక వేరే సెక్షనుకి మార్చారు. రిటైరయ్యాక ధర్సీవాలో ఇల్లు కట్టుకుని, కాలనీ వైపు రావడమే మానేశాడు.

"క్యా హీరో, చెయ్యి విరగ్గొట్టుకున్నావంట?" అంటూ మంచం మీద కూచున్నాడు.

కోటయ్య తాత మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. పొగమంచు, బూటు, అన్నీ. "నాను ఆ రాత్రి ఒంటేలుకి లేచి బయట నిలబడ్డాను. రోజూ మోగే బెల్లు ఆ రాత్రి మోగలేదు" అన్నాడు. "అవును, నానూ మేలుకునే ఉన్నాను, మోగలేదు" అంది అమ్మ. ఇక అందరూ నా వైపు చూశారు. నా వంతు. "నాకు జ్వరం బాబాయ్. బెల్లు కోసం చూస్తూనే ఉన్నాను. రాలేదు" అన్నాను. అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది.

ప్రేమ్‌చంద్ బాబాయి జామకాయ కొరకబోతూ ఆగాడు.

"ఏ బెల్లు?"

"సైకిల్ బెల్లు. దేవదాసు మావయ్యది."

"అన్న సైకిలుకి బెల్లెక్కడిది?"

ఆయన జామకాయ మంచం మీద పెట్టేశాడు.

"అరే, అన్న పని మానేసి వెళ్ళాక ఆ సైకిలే నాకిచ్చారు గదా. బెల్లు ఊడదీసేసి ఉంది. అంతకుముందే ఓసారి అడిగాను, ఎందుకన్నా తీసేశావ్ అని. 'లేవాల్సింది ఒక్కడు, లైనంతా ఎందుకు లేవాలిరా, పసిపిల్లలుంటారు' అన్నాడు. తాళంచెవితో కిటికీ ఊచ మీద — టిక్, టిక్. బస్, అంతే. పక్కలో పెళ్ళానికి కూడా వినపడదు. లేవాల్సినవాడు ఊఁ అనేదాకా అక్కడే నిలబడేవాడు."

"మరి... బెల్లు?" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. తల గోక్కున్నాడు.

"నాది. గోల్‌బజార్‌లో కొన్నాను. సూర్యారావు పోయిన నెలే నాకు డ్యూటీ పడింది. ఆ పంపుహౌస్ దాటాలంటే నా ప్రాణం పోయేది. అందుకే ఆ మూలకి రాగానే రెండుసార్లు కొట్టేవాణ్ణి... ధైర్యానికి. మీరు పక్కమీద పడుకుని విన్నది నన్నే. ఇంకోటి. 'బావూ' మీ శ్రీకాకుళం వాళ్ళ మాట. కాకినాడ మనిషి, అన్న ఎప్పుడన్నాడు ఆ మాట? 'అబ్బాయ్' అనేవాడు."

ఇంటి లోపల కుక్కర్ కూత వేసింది. ఎవరూ లేవలేదు.

ముందుగా తేరుకున్నది కోటయ్య తాతే. "నీకు మతిమరుపొచ్చినాది ప్రేమ్‌చందూ. బెల్లు ముందునుంచీ ఉంది. ఈ సెవుల్తో ఇన్నాను."

"నానూ ఇన్నాను" అంది అమ్మ.

"ఇంతమందిమి అబద్ధమాడతామా?" అన్నాడు తాత.

"అబద్ధమని నేనన్నానా? సరే తాతా, మీ ఇష్టం."

"పోయినోడి గురించి ఇప్పుడెందుకులే తమ్ముడూ" అంది పార్వతమ్మ పిన్ని, మెల్లగా.

ప్రేమ్‌చంద్ బాబాయి ఆవిణ్ణి అయోమయంగా చూశాడు.

"ఎవరు పోయింది?"

పిన్ని గడ్డంతోనే పంపుహౌస్ వైపు చూపించింది.

"దేవదాసన్నా? తిల్దాలో ఉన్నాడు గదా వదినా. మొన్న దసరాలకి కూడా కలిశాను. రైస్‌మిల్లులో రాత్రి కాపలా. వాళ్ళావిడ, శాంతమ్మ వదిన, నాకు టీ పెట్టిచ్చింది."

పృథ్వీ ఒక్కడే లేచి కూచున్నాడు. మిగతావాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడే. కోటయ్య తాత కుర్చీలో ముందుకి వంగి, గొంతు తగ్గించి అన్నాడు —

"తిల్దాలో అగుపించేడా నీకు? అయితే... అంత దూరం తిరుగుతున్నాడన్నమాట."

తలలు ఊగాయి. అమ్మ తల కూడా ఊగింది. పంపుహౌస్ దగ్గర కూడా నాకెప్పుడూ అంత భయం వెయ్యలేదు.

ప్రేమ్‌చంద్ బాబాయిని గేటు దాకా సాగనంపాను. బండి స్టార్టు చెయ్యకుండా కాసేపు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఓ మాట చెప్పనా అమూల్యా? చెప్పొద్దనే అనుకున్నాను. కలిసినప్పుడల్లా నీ గురించి అడుగుతాడు."

"నా గురించా?"

"సూర్యారావు పక్కింటి పాప ఏం చేస్తోందిరా అని. తిట్టడానికి కాదు. తిడితే బాగుండేది." రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "మొదట్లో 'నేను లేపానురా' అనేవాడు, గట్టిగా. తరవాత 'లేపాననే అనుకుంటానురా' అనేవాడు. ఇప్పుడేమో... 'ఆ పిల్ల మేలుకుని ఉందట. పసిది, దానికి అబద్ధమాడాల్సిన పనేముంది? అయితే నేను వెళ్ళలేదేమో. వెళ్ళినట్టు కలగన్నానేమో. సూర్యారావుని నేనే చంపానురా' అంటాడు. నిద్రలో కూడా వేళ్ళు మంచంపట్టె మీద తడుతూనే ఉంటాయంట. టిక్, టిక్. శాంతమ్మ వదిన చెప్పింది."

నేను గేటు ఊచ పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"నంబరిస్తాను. చేస్తే చెయ్యి. లేకపోతే లేదు."

నంబరు తీసుకున్నాను.

ఆ రాత్రి అన్నాలయ్యాక, గిన్నెలు కడుగుతున్న అమ్మ వెనక నిలబడి అడిగాను.

"అమ్మా, సూర్యారావు బాబాయి పోయిన రాత్రి నాకు జ్వరం ఎంత ఉంది?"

"ఆ రాత్రి జొరమేటే?" అంది వెనక్కి తిరక్కుండా. "శవాన్ని తీస్తుంటే ఎల్లొద్దంటే ఎల్లి సూసొచ్చావు. అప్పుడు కదా నీకు జొరమొచ్చినాది. ఆ రాత్రంతా తడిగుడ్డ మారుస్తా కూచున్నాను."

"అంటే... మర్నాటి రాత్రా?"

"మరి?"

"ముందు రాత్రి?"

"ముందు రాత్రేటి, అందరం పడుకున్నాం."

"సాయంత్రం నువ్వూ మేలుకుని ఉన్నానన్నావు, అందరి ముందూ."

అమ్మ చేతిలో గిన్నె ఆగింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"అన్నానా? ...నువ్వు మేలుకుని ఉన్నావు కదా. నువ్వుంటే నానూ ఉండే ఉంటాను గావాల అనుకున్నాను."

కుళాయి నేనే కట్టాను.

"అమ్మా, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మీరేం చెప్పారు?"

"మాకేటొచ్చు అప్పట్లో హిందీ? కూరగాయల కాడ బేరమాడ్డానికే వచ్చీది కాదు. లైనులో ఆడోళ్ళందరం అంతే. నిన్నే ముందుకి తోసాం, బళ్ళో సదూతున్నావని. 'తెలీదు బాబూ, పడుకున్నాం' అని మేం అన్నాం. నువ్వు గబగబా ఏదో సెప్పేవు. ఆయన షాబాష్ అని నీ నెత్తి మీద సెయ్యేశాడు." అమ్మ మొహంలో ఇప్పటికీ ఆ గర్వం ఉంది. "అందరం ఎంత మురిసిపోయామో. ఏటి సెప్పావే అని తరవాత అడిగితే, 'ఎవరూ రాలేదని చెప్పాను' అన్నావు. సరే, నువ్వన్నావంటే ఎవరూ రాలేదు గావాల అనుకున్నాం."

మా లైనులో ఆడవాళ్ళు "తెలీదు" అన్నారు. నేను హిందీలో "ఎవరూ రాలేదు" అన్నాను. అది తిరిగి తెలుగులో వాళ్ళ దగ్గరికే వచ్చింది. వాళ్ళు దాన్నే గుర్తు పెట్టుకున్నారు. తరవాత దానికి నేను నా జ్వరం తగిలించాను, ప్రేమ్‌చంద్ బాబాయి బెల్లు తగిలించాను. ఇందులో ఏదీ కావాలని చెయ్యలేదు. అబద్ధమని తెలిసి ఆడి ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు ఒప్పుకునేదాన్నేమో. ఇదలా కాదు. ఆ నీటిచుక్క ఇప్పటికీ నా చెవిలో చల్లగా తగులుతోంది.

తెలీదని చెప్తే ఆ ఇన్‌స్పెక్టరు షాబాష్ అనేవాడా? అనడని ఆ ఎనిమిదేళ్ళ పిల్లకి తెలిసే ఉంటుంది. ఆ చెయ్యి బరువు నాకు గుర్తుంది. కానీ నాకు గుర్తున్నవాటిని నేనింక ఏం చేసుకోను? టెంపోలో షారోన్ నావైపు చూడలేదన్నాను. చూసిందేమో. చెయ్యి ఊపిందేమో.

ఇదంతా జరిగి నెల దాటింది. పృథ్వీ పిండికట్టు విప్పేశారు. నిన్న మెట్ల మీద పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. దేవదాసు దెయ్యం ఇప్పుడు రైలెక్కి తిల్దా దాకా వెళ్తుందట, అక్కడ రైస్‌మిల్లులో తిరుగుతుందట, ప్రేమ్‌చంద్ తాత కళ్ళారా చూశాడట. చెప్తున్న పిల్లకి ఎనిమిదేళ్ళుంటాయి. గొంతు తగ్గించి చెప్తోంది. నాలాగే.

నంబరు నెల నుంచీ ఫోన్లో ఉంది. పేరు పెట్టకుండా దాచుకున్నాను.

ఆయన దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పను? మీరు వచ్చారు మావయ్యా అని చెప్పగలిగితే ఎంత బాగుండును. చెప్పలేను. అది కూడా నాకు తెలీదు. ఆ కిటికీ దగ్గర టిక్, టిక్ అందో లేదో, సూర్యారావు బాబాయి "ఊఁ" అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడో లేదో, ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు బావిలో పోయారు. రెండోవారి గుర్తుని నేను చెరిపేశాను.

అంతవరకూ రాసి, కలం పక్కన పెట్టాను. మా వెనక కిటికీ పంపుహౌస్ వైపే ఉంటుంది. అందరూ పడుకున్నారు. బయట పొగమంచు. యార్డులో చప్పుడు... ఏదీ?

ట్రింగ్...

లేదు. బెల్లు లేదు. ఆ మనిషికి ఎప్పుడూ లేదు. ప్రేమ్‌చంద్ బాబాయి బెల్లు బిగించిన సైకిల్ని పాతసామాన్ల వాడు ఏనాడో పట్టుకుపోయాడు.

ట్రింగ్.

విన్నాను. రేపు ఎవరైనా అడిగితే విన్నానని ప్రమాణం చేస్తాను. పొద్దున లేచేసరికి దానికి ఇంకేం తగిలిస్తానో తెలీదు.

అందుకే పొద్దుటిదాకా ఆగను. అయినా పొద్దున ఆయన పడుకుంటాడు. రాత్రి కాపలా కదా, ఇప్పుడైతే మేలుకునే ఉంటాడు. మిల్లు గేటు దగ్గర చలిమంట వేసుకుని, ఒక్కడే.

మావయ్యా, నేను సూర్యారావు బాబాయి పక్కింటి అమూల్యని. ఆ రాత్రి నాకు జ్వరం లేదు. మీరు రాలేదని నాకు తెలీదు. నాకేమీ తెలీదు మావయ్యా.

ఆ రోజు హిందీలోకి తిప్పకుండా వదిలేసిన మాట అదొక్కటే. అది చెప్తాను. ఆయన "ఊఁ" అనేదాకా లైనులోనే ఉంటాను.

ఫోను చేతిలోకి తీసుకున్నాను.